శతకోటి ఘనపుటడుగుల్లో దాగిన ఘనం

గుమ్మఘట్ట మండలంలో, హగరి అని కూడా పిలిచే వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప జలాశయం నిండితే పట్టే నీళ్లు సుమారు 2 టీఎంసీలు. నిండడమే అరుదు. ఎగువన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఒక్కటే 30 టీఎంసీలు పడుతుంది. 1933లో పొర్లిన ఆ చెరువు మళ్లీ పొర్లింది 2022లోనే. ఇలాంటి చోట టీఎంసీ అన్నది పేపర్లో చదివి వదిలేసే మాట కాదు. ఆ సంఖ్య లోపల ఏముందో విప్పి చూడాలి.

టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు, ఒకటి పక్కన తొమ్మిది సున్నాలు. లీటర్లలో చెబితే 2,831 కోట్ల 68 లక్షల 46 వేల 592. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. అడుగంటే సరిగ్గా 0.3048 మీటర్లని 1959లో అమెరికా, బ్రిటన్ సహా ఆరు దేశాలు ఖాయం చేసుకున్నాయి కాబట్టి చివరి అంకె దాకా కచ్చితం.

28316846592. పైకి ఏ పొందికా కనిపించదు. కానీ ఇది సంపూర్ణ ఘనం: 3048ని మూడుసార్లు వేసి గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. పొడవు, వెడల్పు, లోతు వెయ్యేసి అడుగులున్న తొట్టిలో ఒక టీఎంసీ పడుతుంది. వెయ్యి అడుగులంటే 3048 డెసీమీటర్లు. లీటరు అంటే అన్ని వైపులా ఒక్కో డెసీమీటరు ఉన్న బుల్లి ఘనం. అంతే కిటుకు.

ఘనమూలం జాడ అంకెల్లోనే దొరుకుతుంది. కుడి నుంచి మూడేసి చొప్పున విడగొట్టండి: 28, 316, 846, 592. నాలుగు జట్లు, అంటే మూలానికి నాలుగంకెలు. 28లో ఇమిడే పెద్ద ఘనం 27, కాబట్టి మొదటి అంకె 3. ఘనం చివర 2 రావాలంటే మూలం చివర 8 ఉండి తీరాలి. జట్లన్నీ కూడితే 1782. అది 27తో నిశ్శేషంగా పోతుంది, కనుక మొత్తం సంఖ్యా పోతుంది.

ఇక ప్రధాన కారణాంకాలు. 3048 అంటే 8 × 3 × 127. కాబట్టి మన పెద్ద సంఖ్యలో తొమ్మిది 2లు, మూడు 3లు, మూడు 127లు ఉంటాయి, ఇంకేమీ ఉండవు. ఈ 127 అంగుళం నుంచి వచ్చింది: 2.54 సెంటీమీటర్లలోని 254కి అది సగం. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది 5 లేకపోవడం. శతకోటిలో తొమ్మిది 5లు ఉన్నాయి, లీటర్లలోకి రాగానే ఒక్కటీ మిగల్లేదు. టీఎంసీని లీటర్ల లెక్కన ఐదూళ్లకు సమంగా పంచితే రెండు లీటర్లు మిగిలిపోతాయి.

భైరవానితిప్పకు చెప్పే 2 టీఎంసీలు మాత్రం ఘనం కావు. 2లు పది అవుతాయి, పది మూడుతో పోదు. అన్ని నీళ్లు పట్టే ఘనాకారపు తొట్టి భుజం దాదాపు 384 మీటర్లు, దశాంశాలు ఎంత దూరం వెళ్లినా తెగవు. ఘనాన్ని రెట్టింపు చేయడమనే ఈ చిక్కుతో ప్రాచీన గ్రీకులు కుస్తీ పట్టారు. వృత్తలేఖిని, గీతల్లేని స్కేలుతో అది అసాధ్యమని 1837లో ఫ్రాన్సు గణితవేత్త వాంట్జెల్ నిరూపించాడు.

రోజంతా 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, పారితే ఒక టీఎంసీ అని అంటుంటారు. నిజానికి 11,574.074074... రోజులోని 86,400 సెకన్లలో మూడు 3లు ఉన్నాయి, శతకోటిలో ఒక్కటీ లేదు, అందుకే ఆ 074 ఆగదు. దాన్ని వదిలేస్తే రోజుకు 6,400 ఘనపుటడుగులు తగ్గుతాయి. అంటే లక్షా 81 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై ఆరు.