అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు: అపోహలు – వాస్తవాలు

సుబేదారి కలెక్టరేటు ముందు తెల్ల అంబాసిడర్లు బారులు తీరే కాలం పోయింది. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయాక కొత్త అంబాసిడర్ అన్నదే లేదు. అయినా ఏపీ 36 నంబరుతో, తాతగారి గుర్తుగా దాచుకున్న అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో హన్మకొండ రోడ్ల మీద అప్పుడప్పుడు ఎదురవుతూనే ఉంటుంది. వాటి యజమానులు ముందు పెయింటు చూస్తారు, తర్వాత సీట్లు, ఆపైన ఏసీ. బ్రేకుల వంతు వచ్చేసరికి సలహాలకు లోటుండదు. వాటిలో సగం అపోహలే.

అపోహ: "డిస్కులు ఏయించు అన్నా, బండి యాడికాడ ఆగుతది."

వాస్తవం: చివరికి బండిని ఆపేది టైరు. చక్రం బిగుసుకుపోయి టైరు జారేంత గట్టిగా డ్రమ్ము పట్టగలుగుతోందంటే, ఆ ఒక్కసారి ఆగడంలో డిస్కు చేసే అద్భుతం ఏమీ లేదు. పొడి తారు రోడ్డు మీద, ఓ మాదిరి పట్టున్న టైర్లతో, గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. 80 అయితే 36 మీటర్లు. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక్క సెకను గడిచినా 60 వేగంలో మరో 17 మీటర్లు కలుస్తాయి. పదేళ్లనాటి గట్టిపడ్డ టైర్లు ఉంచుకుని డిస్కుల మీద డబ్బు పోయడం దండగ.

డిస్కు గొప్పతనం వేడిలో, తడిలో తెలుస్తుంది. వెంటవెంటనే గట్టిగా బ్రేకు వేస్తే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు తగ్గుతుంది. డిస్కుకు గాలి నేరుగా తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. నయీంనగర్ వైపు వాననీళ్లలోంచి బయటపడ్డ డ్రమ్ము బండి కొంతదూరం బ్రేకు పట్టదు. అలాంటప్పుడు నెమ్మదిగా పోతూ పెడల్‌ను తేలిగ్గా తొక్కి ఉంచితే లైనింగ్ ఆరుతుంది. డిస్కుకు ఆ బాధ చాలా తక్కువ.

అపోహ: ముందు చక్రాలకు డిస్కు కిట్టు బిగిస్తే చాలు, మిగతాది పాతదే ఉండొచ్చు.

వాస్తవం: ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. తిరిగే డ్రమ్ము లీడింగ్ షూను తనవైపు లాక్కుంటుంది. అంటే బ్రేకు తనకు తానే కొంత బలం తెచ్చుకుంటుంది. డిస్కుకు ఆ గుణం లేదు, ప్యాడ్లను మన కాలే నొక్కాలి. అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకుండా డిస్కులు వేసిన బండికి పెడల్ రాయిలా తగులుతుంది. యజమాని వెంటనే "డ్రమ్మే నయం" అంటాడు. తప్పు డిస్కుది కాదు, సగం చేసి వదిలేసిన పనిది.

బూస్టర్‌తోనూ అయిపోదు. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవి, ఎక్కువ బ్రేక్ ఆయిల్ అడుగుతాయి. దానికి తగ్గ బోరున్న మాస్టర్ సిలిండర్ కావాలి. డ్రమ్ముల కోసం పాత మాస్టర్ సిలిండర్‌లో పైపుల్లో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వ్ ఉంటుంది. దాన్ని అలాగే డిస్కులకు కలిపితే కాలు తీసినా ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. రిమ్ములో క్యాలిపర్ పడుతుందో లేదో ముందే కొలవాలి. వెనక బ్రేకు ముందుదానికంటే త్వరగా బిగుసుకుంటే బండి తిరిగిపోతుంది కాబట్టి ఆ పాళ్లు కూడా చూడాలి. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ డీజిల్ ఇంజిన్ నుంచి పెట్రోల్ బండిలో దొరికినట్టు దొరకదు. దానికి విడిగా పంపు పెట్టాలి.

అపోహ: పాత బండి కదా, పెడల్ రెండుసార్లు కొడితేనే బ్రేకు పడుతుంది.

వాస్తవం: బండి పాతదైతే మాత్రం? అలా కొట్టాల్సి వస్తోందంటే ఎక్కడో జబ్బు ఉన్నట్టే. రెండోసారికి పెడల్ పైకి వస్తే సాధారణంగా షూలు డ్రమ్ముకు దూరమైనట్టు. చక్రాన్ని జాకీ మీద లేపి, అడ్జస్టర్‌ను చక్రం పట్టేసేదాకా తిప్పి, కొంచెం వదలాలి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది, ఎయిర్ తీయించాలి. తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా కిందికి దిగుతుంటే, బయట ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయాయి. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు. డిస్కుల గురించి ఆలోచించేముందు ఇవి చేయండి.

పాత బండ్లలో అసలు భయపడాల్సింది డ్రమ్ముకు కాదు, సింగిల్ సర్క్యూట్‌కు. నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఒక్క రబ్బరు హోస్ పగిలినా నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్‌బ్రేకే. ముందు వెనకలను విడదీసే టాండెం మాస్టర్ సిలిండర్ ఆ ప్రమాదాన్ని సగానికి సగం తప్పిస్తుంది. నన్నడిగితే మొదటి ఖర్చు దానికే, కొత్త హోసులకే. డిస్కులు ఆ తర్వాత.

అపోహ: డాట్ నంబరు పెరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ మంచిది.

వాస్తవం: డాట్ 3 కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. రెండూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి, అప్పుడు ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 5 మాత్రం సిలికాన్ జాతి, వీటితో కలపకూడదు. డాట్ 5.1 మళ్లీ పాత జాతిదే. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

అపోహ: బ్రేకులు మారిస్తే బండి ఒరిజినాలిటీ పోతుంది.

వాస్తవం: చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే నిజాంగారి పసుపు రోల్స్ రాయిస్ కాలంలో బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. 1920ల మధ్యకు ఆ కంపెనీయే నాలుగింటికీ పెట్టింది. ఇక చట్టం సంగతి. 2021 జూలై నాటి వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకు సంబంధించినవి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలని అవి అడుగుతాయి. కనుక కోతలు, వెల్డింగులు లేకుండా బోల్టులతో బిగించే పనే చేయించండి, తీసిన డ్రమ్ములు పాత ఇనుప సామానుకు వేయకండి. పని మొదలుపెట్టేముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

షెడ్డులో డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదేస్తుంటారు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవమని మెకానిక్‌కు చెప్పండి. పనయ్యాక నేరుగా అదాలత్ జంక్షన్ ట్రాఫిక్‌లోకి దిగకండి. ఖాళీ రోడ్డు మీద ముందు 20 వేగంలో, తర్వాత 40లో ఆపి చూడండి. ఏ పక్కకు లాగినా ఆ రోజే వెనక్కి తీసుకెళ్లండి.