ఇన్‌స్పెక్టర్ గడప దాటాలంటే

కౌన్సిల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగం నుంచి మనిషి వచ్చాడనగానే ఇంగ్లండ్‌లో కొట్టు నడుపుకునే మనవాళ్లలో కొందరు కంగారుపడి, అడగనివి కూడా తీసి చూపిస్తారు. ఇంకొందరు "ఓనర్ లేరు, తర్వాత రండి" అని గుమ్మంలోనే ఆపేస్తారు. రెండూ నష్టమే. లోపలికి రావడానికి ఆ అధికారికి హక్కుంది, ఆ హక్కుకు హద్దూ ఉంది. కౌంటర్ దగ్గర నిలబడే ప్రతి ఒక్కరికీ ఆ రెండూ తెలిసి ఉండాలని నా పట్టుదల. ఎందుకంటే అధికారి వచ్చేసరికి అక్కడ ఉండేది చాలాసార్లు యజమాని కాదు, పార్ట్‌టైమ్‌లో చేరిన విద్యార్థి.

వినియోగదారుల రక్షణకు సంబంధించిన తనిఖీ అధికారాలు ఒకప్పుడు అరవై దాకా చట్టాల్లో, నిబంధనల్లో చెల్లాచెదురుగా ఉండేవి. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ వాటిలో చాలావాటిని తన అయిదో షెడ్యూల్‌లోకి తెచ్చింది. దాని ప్రకారం వ్యాపార స్థలంలోకి సబబైన వేళలో వారెంట్ లేకుండానే రావచ్చు. అయితే మామూలు తనిఖీకైతే ముందుగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అది అందిన రోజుకూ వాళ్లు వచ్చే రోజుకూ మధ్య కనీసం 2 పనిదినాల వ్యవధి ఉండాలి. ఎందుకొస్తున్నారో, అడ్డుకుంటే ఏ నేరం కిందికి వస్తుందో అందులో ఉండాలి.

ఇంతవరకే చదివి, నోటీసు లేదు కాబట్టి వెనక్కి పంపేస్తానంటే కొరివితో తల గోక్కున్నట్టే. చట్టం ఉల్లంఘన జరిగిందని అధికారికి సహేతుకమైన అనుమానం ఉంటే నోటీసు అక్కర్లేదు. ముందు చెబితే వచ్చిన పని చెడుతుందనుకున్నా, జనం ఆరోగ్యానికో భద్రతకో తక్షణ ప్రమాదం ఉందని అనుమానించినా అక్కర్లేదు. తెల్లబడటానికంటూ అమ్మే క్రీముల సంగతే చూడండి. వాటిలో కొన్నింట్లో పాదరసం, హైడ్రోక్వినోన్ ఉంటాయి. అలాంటివి అమ్ముతున్నారని ఫిర్యాదు వస్తే, రెండు రోజుల ముందు కబురు పెట్టి వెళితే షెల్ఫు ఖాళీగా కనిపిస్తుంది. మన ఆడపిల్లలు ముఖాలకు రాసుకునే సరుకు అది. ఈ మినహాయింపు ఉండి తీరాలి.

నోటీసు లేకుండా వచ్చినప్పుడు కూడా వట్టి చేతులతో రాకూడదు. కారణం రాసిన కాగితం లోపల ఉన్నవాళ్లలో ఒకరికైనా ఇవ్వాలి, గుర్తింపు కార్డూ అధికారపత్రమూ చూపాలి. కార్డు మీద పేరు చూసి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవడం మర్యాద తప్పడం కాదు. అధికారినని బుకాయించి వచ్చేవాడిదీ నేరమే.

లోపలికి వచ్చాక సరుకు పరిశీలించవచ్చు, కొనుగోలు బిల్లులు అడగవచ్చు, అవసరమైతే స్వాధీనం చేసుకోవచ్చు. నగల షాపులో అయితే చూపు ముందు హాల్‌మార్క్ మీదికి పోతుంది. బంగారమని అమ్మే నగ 1 గ్రాము దాటితే, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, చట్టం గుర్తించిన ముద్ర ఉండాలి. 22 క్యారెట్లకు 916. కాటాల తనిఖీకి 1985 నాటి తూనికలు కొలతల చట్టం వేరే ఉంది. అయిదో షెడ్యూల్ తనిఖీకి కావాలని అడ్డుపడినా, అబద్ధం చెప్పినా 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.

ఒక్కోసారి అధికారి వచ్చినట్టే తెలియదు. మామూలు కొనుగోలుదారుడిలా వచ్చి, డబ్బిచ్చి, సరుకు తీసుకుని వెళ్లిపోతారు. మద్యం, వేప్‌ల విషయంలో పద్దెనిమిది నిండని పిల్లలను పంపి చూస్తారు. కౌంటర్‌లో ఉన్న విద్యార్థి వయసు అడగడం మరిచిపోయేది ఇక్కడే.

ఇప్పుడు ఇళ్ల సంగతి. ఆవకాయ, పొడులు, పట్టుచీరలు ఇంట్లోంచే వాట్సాప్‌లో అమ్మే అక్కచెల్లెళ్లు మన సంఘాల్లో ఎందరో. పూర్తిగానో ప్రధానంగానో నివాసమైన చోటికి అయిదో షెడ్యూల్ కింద వారెంట్ లేకుండా రావడానికి లేదు. చీరలమ్మే ఇంటికి ఆ రక్షణ గట్టిది. పచ్చళ్లమ్మే ఇంటికి మాత్రం ఇంకో చట్టం ఉంది. 1990 నాటి ఫుడ్ సేఫ్టీ యాక్ట్ కింద ఆహార అధికారులు హోటల్‌కైతే చెప్పకుండానే వస్తారు, ఇంటికైతే 24 గంటల ముందు చెప్పి వస్తారు. అమ్మకం మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోవాలన్నది చాలామందికి తెలియదు. తెలియకపోతే ముందు ఆ పని చేయండి.

వారెంట్ కావాలంటే ఇంగ్లండ్, వేల్స్‌లో మేజిస్ట్రేట్‌ను ఒప్పించాలి. లోపల ఆధారాలున్నాయన్న నమ్మకం ఒక్కటే చాలదు. రానివ్వరనో, సరుకు దాచేస్తారనో, మనుషులే లేరనో చూపాలి. వారెంట్ ఒక నెల చెల్లుతుంది, తగినంత బలం వాడి తలుపు తెరవవచ్చు. మనుషులు లేని చోటికి వెళితే, తిరిగి వెళ్లేటప్పుడు తలుపులు ముందున్నంత భద్రంగా మూసి, వచ్చినట్టు కాగితం పెట్టి వెళ్లాలి.

ఇండియాలో మన ఊళ్ల తూనికల శాఖవాళ్లకూ ఇలాంటి కట్టడే ఉంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం 15వ సెక్షన్ కూడా నమ్మడానికి కారణం, సబబైన వేళ అనే రెండు షరతులూ పెట్టింది.

మళ్లీ ఇంగ్లండ్ సంగతికొస్తే, సరుకు పట్టుకుపోతే ఏమేం తీసుకెళ్లారో రాసిన జాబితా అడిగి తీసుకోండి. మామూలుగా 3 నెలలు మించి ఉంచుకోకూడదు, కేసుకు నిజంగా అవసరమైతే తప్ప. విడిపించుకోవడానికి మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. చివరికి ఉల్లంఘనే లేదని తేలి, సరుకు పట్టుకోవడానికి మీ నిర్లక్ష్యం కారణం కాకపోతే, దానివల్ల జరిగిన నష్టానికి పరిహారం ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగమే చెల్లించాలి. ఈ చివరి హక్కు సంగతి మన వ్యాపారుల్లో ఎవరి నోటా నేను వినలేదు.