తల్లి సంచిలో ఏముంది?

ఆత్రేయపురం పేరు చెప్పగానే పూతరేకులు గుర్తుకు వస్తాయి. బోర్లించిన కుండను కింద మంట పెట్టి కాచి, పలుచని బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దానిమీద పరచి తీస్తే రెప్పపాటులో రేకు తయారవుతుంది. 2023లో ఈ తినుబండారానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కుండల ముందు కూర్చునేవారిలో ఎక్కువమంది స్త్రీలే. అలాంటి శ్రామిక గృహంలో గానీ, మరే ఇంట్లో గానీ తొలి కాన్పు దగ్గర పడిందంటే కొనవలసిన వస్తువుల పట్టిక సిద్ధమవుతుంది. ఉయ్యాల, దోమతెర, జుబ్బాలు, టోపీలు, మెత్తని దుప్పటి... పట్టిక పొడుగునా బిడ్డ వస్తువులే. ఆ బిడ్డను కనే తల్లికోసం ఏం కొన్నారని అడిగితే చాలా ఇళ్ళలో జవాబు దొరకదు.

ఇది చిన్న లోపం కాదు. మాతృమరణాలలో అధిక భాగం కాన్పు సమయంలోను, ఆ తరువాతి రోజులలోను సంభవిస్తున్నాయి. వాటికి ప్రధాన కారణాలలో అధిక రక్తస్రావం ఒకటి. బిడ్డ క్షేమంగా పుట్టగానే ఇంటివారి చూపంతా ఉయ్యాల వైపు తిరిగే ఆ గడియలలోనే తల్లి శరీరానికి కాపలా అవసరం.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. హజ్రత్ మర్యం (అ) ప్రసవ వేదనతో ఖర్జూర చెట్టు మొదట కూర్చున్నప్పుడు ఆమెకు ముందుగా ఓదార్పు, ఆపైన కాళ్ళ దగ్గరే పారే నీరు, తాజా ఖర్జూరాలు లభించాయి. ఇక ‘అల్ బఖరా’ అధ్యాయం 233వ వాక్యం పాలిచ్చే తల్లి తిండి, బట్ట భారాన్ని బిడ్డ తండ్రిపై మోపింది. కనుక బాలింతకు కావలసినవి సమకూర్చడం పుట్టింటివారి దయ కాదు, అత్తింటివారి ఔదార్యమూ కాదు. అది భర్త బాధ్యత.

మరి ఏం కొనాలి? సంచి పెద్దది కానక్కరలేదు.

మొదటిది ప్యాడ్లు. కాన్పు తరువాత మూడు నాలుగు రోజులు స్రావం ఎర్రగా, ధారాళంగా ఉంటుంది. తరువాత గోధుమ రంగుకు తిరిగి, క్రమంగా తెల్లబడి, నాలుగు నుంచి ఆరు వారాలలో ఆగుతుంది. తొలి రోజులకు పొడవైన, మందమైన, నూలు పైపొర గల ప్యాడ్లు ఎంచుకోవాలి. సువాసన కలిపినవి, ప్లాస్టిక్ వల వంటి పైపొర ఉన్నవి కుట్లను ఒరుసుకుంటాయి. నాలుగు గంటలకొకసారి మార్చడం మంచిది. పాత నూలు గుడ్డలు వాడే ఇళ్ళలో వాటిని సబ్బుతో ఉతికి ఎండలో ఆరబెట్టాలి. గోదావరి లంకల తేమలో, ముసురు పట్టిన శ్రావణంలో చాటుగా నీడన ఆరేసిన గుడ్డ ఎంతకూ పొడిబారదు. ఆ కాలంలో ప్యాడ్లే క్షేమం.

రెండవది శుభ్రతకు పాత్ర. కుట్ల మీద నీళ్ళు పోసుకోవడానికి ప్రత్యేకమైన సీసాలను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మన ఇళ్ళలో తహారత్ కోసం వాడే ముక్కు లోటా అదే పని చేస్తుంది. గోరువెచ్చని నీటిని ముందునుంచి వెనక్కు పోసుకొని, మెత్తని గుడ్డతో అద్దుకుంటే చాలు.

మూడవది దుస్తులు. ముందు తెరుచుకునే వదులైన నూలు నైటీలు మూడు, పాలివ్వడానికి అనువైన లోదుస్తులు రెండు మూడు ఉంటే సరిపోతాయి. పొట్ట బెల్టు సిజేరియన్ తరువాత లేచి నడిచేటప్పుడు కొంత ఆసరా ఇవ్వవచ్చు గాని, అది కొవ్వును కరిగించదు. డాక్టరును అడిగి, బిగించకుండా వాడాలి.

నాలుగవది మాత్రలు. ఐరన్-ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితం. రెండింటినీ కలిపి వేసుకోరాదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఐరన్ మాత్ర మింగితే ప్రయోజనం తగ్గుతుంది.

కొనకూడనివీ ఉన్నాయి. పాలపొడి డబ్బా, పాలసీసా ముందుగానే సంచిలో పెట్టకండి. వీటి ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. పాలు పిండే యంత్రం కూడా తొలి రోజులలో అందరికీ అవసరం కాదు.

ఆహారం విషయంలో ఆచారాన్ని, ఆరోగ్యాన్ని వేరుచేసి చూడాలి. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం కలిపిన కాయం ఇష్టమైతే కొద్దిగా తినవచ్చు. అది భోజనానికి బదులు కాదు. “పచ్చి బాలింత, నీళ్ళు తాగకూడదు” అనే మాటను మాత్రం వదిలిపెట్టాలి. పాలిచ్చే తల్లికి నీరు ఎక్కువే కావాలి. గుడ్లు, పాలు, పప్పు, మునగాకు, చేపలు, ఖర్జూరాలు మేలు. చుట్టాలు తెచ్చే పూతరేకులు సంతోషానికి ఒకటి తినవచ్చు. అవి నెయ్యి, పంచదార లేక బెల్లంతో చేసినవి కనుక గర్భంతో ఉన్నప్పుడు చక్కెర పెరిగినవారు జాగ్రత్త పడాలి.

నిఫాస్ గురించి ఒక మాట. దైవప్రవక్త (స) కాలంలో బాలింతలు 40 రోజులు ఉండేవారని హజ్రత్ ఉమ్మె సలమా (ర) ఉల్లేఖించారు. దీని ఆధారంగా హనఫీ పండితులు 40 రోజులను గరిష్ఠ పరిమితిగా గ్రహించారు. కనిష్ఠ పరిమితి లేదు. స్రావం ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు ఆరంభించాలి. 40 రోజులు దాటినా ఆగకపోతే మసలా కోసం ఆలింను, ఆరోగ్యం కోసం డాక్టరును, ఇద్దరినీ అడగాలి.

ఈ గుర్తులను గోడమీద రాసి పెట్టుకోండి. గంటలోపే ప్యాడు పూర్తిగా తడిసిపోవడం, కోడిగుడ్డంత రక్తపు గడ్డలు, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన గల స్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలికే వాపు, ఊపిరాడకపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారనివ్వకుండా 108కి ఫోను చేయాలి. రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు, నిద్రలేమి వదలకపోతే అది విశ్వాస బలహీనత కాదు, చికిత్సకు లొంగే జబ్బు.

ఖర్చుకు జంకవద్దు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనం కూడా పెడతారు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి బిడ్డకు, నిబంధనలకు లోబడి, రూ. 5,000 ఇస్తుంది. కూలి పోయే తల్లి విశ్రాంతి తీసుకోవడానికే ఆ సొమ్ము. దానితో విందు చేసి, ఆమెను నెల తిరగకముందే కుండ సెగ ముందు కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఆసుపత్రిలో కాన్పయినవారి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో రావాలి. రాకపోతే కబురు పంపండి.

భర్తలకు ఒక విన్నపం. ఎనిమిదో నెల నిండేలోగా ఈ సంచిని మీరే స్వయంగా సర్దండి. ప్యాడ్లు కొనడానికి సిగ్గుపడవద్దు. అందులో ఏ వస్తువు ఎక్కడుందో మీకు తెలిసి ఉంటే, అర్ధరాత్రి అవసరం వచ్చినప్పుడు మీ భార్య లేచి వెతుక్కోనక్కరలేదు.