నంబర్ ఒక్కటే చాలదు.. తేదీలూ కలవాలి!

తెనాలిలో ఎవరో పాత ఆర్‌ఎక్స్ 100 అమ్ముతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లారనుకోండి. ‘ఇంజిన్ కంపెనీదే తమ్ముడూ, ఎవరూ చెయ్యి పెట్టలేదు’ అంటాడు అమ్మే ఆయన. నమ్మేస్తారా? ‘రుజువేంటి?’ అని అడుగుతారా? ఆ ప్రశ్నకు పద్ధతిగా జవాబు రాబట్టడమే కొందరికి ఉద్యోగం!

కార్వెట్ చెప్పే పాఠం

1967 నాటి షెవ్రొలె కార్వెట్‌నే తీసుకోండి. కొనేవాళ్లు 300 హార్స్‌పవర్ ఇంజిన్ నుంచి 435 హార్స్‌పవర్ దాకా నచ్చింది ఎంచుకునేవారు. ఎల్88 అనే రేసింగ్ ఇంజిన్‌తో ఆ ఏడాది తయారైనవి 20 కార్లే. ఇప్పుడు వాటి ధరను నిర్ణయించేది ఆ ఇంజినే. చిక్కేంటంటే, అప్పటి కార్వెట్ చాసిస్ నంబర్‌లో ఇంజిన్ రకం ఉండదు. 1972 నుంచే దాన్ని చేర్చారు. దాంతో మామూలు కారులో పెద్ద ఇంజిన్ బిగించి ‘ఒరిజినల్’ అని అమ్మే వీలు దొరికింది.

నిపుణులు ఏం చూస్తారు?

* ఇంజిన్ బ్లాక్ ముందువైపు చదునైన చోట రెండు ముద్రలుంటాయి. ఒకటి ఇంజిన్ ఫ్యాక్టరీ, నెల, తేదీ, రకం చెబుతుంది. రెండోది ఆ కారు సీరియల్ నంబర్.
* బ్లాక్‌కు పోత పోసిన తేదీ వేరే ఉంటుంది. ముందు పోత, తర్వాత ఇంజిన్ బిగింపు, చివర కారు తయారీ. ఈ వరుస తప్పిందా, కథ కల్పితమే!
* ముద్రలున్న చోట ఫ్యాక్టరీ మెషీన్ వదిలిన సన్నటి గీతలుండాలి. అరగదీసినట్టు నున్నగా ఉంటే నంబర్లు మళ్లీ కొట్టారేమోనని అనుమానించాలి.

అంటే కాగితం, నంబర్, లోహం.. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

మన బండికీ ఇదే సూత్రం

ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీ, ఆర్‌ఎక్స్ 135ది 132 సీసీ. ఆర్‌సీలో 98 అని ఉండి, బండికి 135 బ్లాక్ ఉంటే? ఇంజిన్ మార్చినప్పుడు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. లేదంటే పేరు మార్పిడి దగ్గరో, బీమా క్లెయిమ్ దగ్గరో ఇరుక్కునేది కొన్నవాళ్లే. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందే ఆర్‌సీ, బీమా కాగితం, వాహన్ వివరాలు పక్కపక్కన పెట్టి చూడండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. అంకెల మధ్య ఎడం తేడాగా ఉన్నా, చుట్టూ రుద్దిన జాడ ఉన్నా అక్కడే ఆగిపోండి.

ఉద్యోగాలెక్కడ?

సెకండ్ హ్యాండ్ కార్ల సంస్థల్లో తనిఖీ ఇంజినీర్లు, బీమా సర్వేయర్లు, రవాణా శాఖలో వాహన తనిఖీ అధికారులు.. అందరి పనిలోనూ ఈ సరిచూపు ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఆటోమొబైల్ అంటే ఆసక్తి’ అంటే ఎవరూ పట్టించుకోరు. అదే బాపట్లలోనో రేపల్లెలోనో తెలిసిన మెకానిక్‌ను, బండి యజమానులను అడిగి పది బండ్లు పరిశీలించండి. ఒక్కోదానికి ఒక పేజీ నివేదిక రాయండి. ఏం చూశారు, ఏది కలిసింది, ఏది తేలలేదు.. అన్నీ ఉండాలి. ‘తేలలేదు’ అని రాయాల్సిన చోట ధైర్యంగా రాయండి. ఊహను రుజువుగా రాయని మనిషి కోసమే కంపెనీలు చూస్తాయి.