మీకు తెలుసా? దేశాంతరములకు తరలు శామీర్‌పేట టీకాలు

• ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరెన్నికగన్న మేడ్చల్, శామీర్‌పేట సీమలనుండి నేడు విదేశములకు తరలుచు, అంతర్జాతీయ వాణిజ్యమున భారతదేశమునకు విశిష్టస్థానమును చేకూర్చుచున్న సరకు, అరచేత నిముడు గాజుసీసాలలోని టీకామందు.

• దిగుమతియైన హెపటైటిస్-బి టీకా సామాన్యునికి అందరాని వెలతో నున్న కాలమున, కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, ఒమాన్ పెట్టుబడి తోడుగా, 1997లో ‘శాన్‌వ్యాక్-బి’ని వెలువరించి ధరను తగ్గించెను. మేడ్చల్ మండలమున తయారైన యా టీకాకు 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అర్హతముద్ర లభింపగా, యునిసెఫ్ కొనుగోళ్లకు ద్వారము తెరచుకొనెను.

• శామీర్‌పేట చేరువ తుర్కపల్లిలో, జీవసాంకేతిక పరిశ్రమలకు నెలవైన జీనోమ్ వ్యాలీయందు, భారత్ బయోటెక్ రూపొందించిన ‘టైప్‌బార్-టీసీవీ’ ప్రపంచ ఆరోగ్యసంస్థ అర్హత పొందిన ప్రథమ టైఫాయిడ్ కాంజుగేట్ (మాంసకృత్తుతో జతపరచిన) టీకా. మందులకు లొంగని టైఫాయిడ్ ప్రబలిన సింధు రాష్ట్రమున, 2019లో పాకిస్తాన్ తన బిడ్డల కిచ్చినదియు నిదియే.

• ఈ సరకును కర్మాగారమునుండి కడపటి పల్లెవరకు సాధారణముగా 2 మొదలు 8 డిగ్రీల సెల్సియస్ చలువలోనే కాపాడవలెను. యునిసెఫ్ సరఫరా సీసాలపై నుండు రంగువలయము నడుమ చిన్న చతురశ్రము వేడి సోకినకొలది ముదురుచుండును. అది వలయముతో సమమైన రంగునకు వచ్చెనేని ఆ మందు వాడరాదు.

• ప్రభుత్వ కేంద్రమున బిడ్డకు ఇట్టి సీసాలోని టీకా వేయించునపుడు, పాఠకులారా, ఆ గురుతును చూపుమని తప్పక అడుగుడు.