కణితిని వెతికిపట్టే పెప్టైడ్‌లు

బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారు. ఎం13 అనే ఫేజ్ సన్నని దారప్పోగులా ఉంటుంది. 1985లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ స్మిత్ ఇలాంటి ఫేజ్ జన్యువులో పరాయి డీఎన్ఏ ముక్కను చేర్చితే, దానికి సంబంధించిన పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) వైరస్ ఒంటి మీద బయటపడింది. ఇదే ఫేజ్ డిస్‌ప్లే. పైన పెప్టైడ్, లోపల దాని డీఎన్ఏ ఒకేచోట ఉండడమే అసలు కిటుకు. ఈ పనికి 2018 రసాయన నోబెల్‌లో స్మిత్‌కు వాటా దక్కింది.

కణితికి అతుక్కునే పెప్టైడ్‌ను వెతకడానికీ ఈ పద్ధతినే వాడతారు. ఏడు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను 128 కోట్ల రకాలుగా కూర్చవచ్చు. ఒక్కో ఫేజ్ మీద ఒక్కో రకం ఉండేలా తయారుచేసిన ద్రావణాన్ని కణితి ఉన్న ఎలుక తోక సిరలోకి ఎక్కిస్తారు. కొన్ని నిమిషాలాగి, అతుక్కోని ఫేజ్‌లు కొట్టుకుపోయేలా రక్తనాళాలను కడుగుతారు. కణితిని కోసి, నూరి, అందులో చిక్కినవాటిని ఈ-కొలై బ్యాక్టీరియాలో పెంచి మరో ఎలుకకు ఎక్కిస్తారు. కొన్ని విడతలయ్యాక మిగిలినవాటి డీఎన్ఏ చదివితే పెప్టైడ్ గుట్టు తెలుస్తుంది. దేనికి అతుక్కోవాలో ముందుగా తెలియనక్కర్లేదు. ఏరివేత పనంతా ఎలుక శరీరమే చేసిపెడుతుంది.

1998లో శాస్త్రవేత్తలు అరప్, పాస్క్వాలినీ, రువోస్లాటి ఇలాంటి పెప్టైడ్‌లకు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు జతచేసి, మనిషి రొమ్ము క్యాన్సర్ కణితులున్న ఎలుకలకిచ్చారు. విడి మందుకన్నా బాగా పనిచేసింది, విషప్రభావమూ తగ్గింది. విశేషమేమిటంటే, అవి గురిపెట్టింది కణితిలో కొత్తగా పుట్టే రక్తనాళాలకు. 2009 నాటి ఐఆర్‌జీడీ అనే పెప్టైడ్ అయితే నాళం దాటి కణితి లోపలికీ చొరబడుతుంది.

మనుషులకు మందుగా వాడాలంటే చిక్కులున్నాయి. పెప్టైడ్‌లను రక్తంలోని ఎంజైమ్‌లు తుంచేస్తాయి, మూత్రపిండాలు త్వరగా వడకట్టేస్తాయి. అందుకే కొసలు కలిపి వలయంగా చుట్టడం, పెద్ద అణువులకు తగిలించడం వంటి ఉపాయాలు వాడుతున్నారు.