ఫొటోలో పట్టని చింతచెట్టు

పిల్లలూ, రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు - ఈ బొమ్మ వెయ్యనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసిన నేను ఇలాంటి బొమ్మలు వేలకొద్దీ చూశాను. అది మనసులోంచి వేసే బొమ్మ గనక దానికి తప్పులేదు. కాని నిజంగా ఉన్న ఒక చోటును, దాని ఫొటో ఎదురుగా పెట్టుకుని, నీటిరంగులతో వెయ్యాలంటే ఎలా? ఆ సంగతి నాకు బాగా తెలుసుననుకునేవాణ్ణి. తెలియవలసింది ఇంకా ఉన్నదని ఒక ముసలావిడ నాకు చెప్పింది.

పాపికొండల దాపున గోదావరి ఒడ్డున ఉండిన ఊళ్ళు చాలావాటిని పోలవరం ఆనకట్ట కోసం ఖాళీ చేయించారు. అలా ఊరు విడిచి వచ్చి కొత్త కాలనీలో ఉంటున్న ఒక కుటుంబంలోని అమ్మాయి నా దగ్గర బొమ్మలు నేర్చుకునేది. ఒకనాడు ఆమె ఒక ఫొటో తెచ్చి, "మాస్టారూ, ఇది మా అమ్మమ్మ వాళ్ళ ఊరి రేవు. ఎవరిదో పెళ్ళిలో తీశారట. దీన్ని పెద్ద బొమ్మగా వేసి అమ్మమ్మకు ఇవ్వాలి," అన్నది.

ఫొటోలో రేవు మెట్లు, ఒక పడవ, రెండు పెంకుటిళ్ళు, వెనక కొండలు ఉన్నాయి. నేను ఆమెకు గళ్ళ పద్ధతి చెప్పాను. అది తేలిక లెక్క. ఫొటో ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. దాని మీద అంగుళానికి ఒక గీత చొప్పున గీస్తే 24 గళ్ళు వస్తాయి. కాగితం మీద పన్నెండు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు కొలిచి, రెండంగుళాల గళ్ళు గీస్తే అవీ 24. ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని ఒక్కొక్క గడిలోకి దించాలి. వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న పాలు రెండు చోట్లా ఒకటే కావాలి. లేకపోతే కొండలు సాగిపోతాయి, ఇళ్ళు కుంగిపోతాయి.

అమ్మాయి నాలుగు రోజులు కష్టపడి బొమ్మ పూర్తి చేసింది. ఒక్క గీత కూడా తప్పు పోలేదు. నేను మెచ్చుకున్నాను. ఇద్దరం కలిసి తీసుకెళ్ళి అమ్మమ్మ చేతికిచ్చాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బాగుందే, బుల్లీ. మరి మన చింతచెట్టేదీ?" అన్నది.

"అది ఫొటోలో లేదు, అమ్మమ్మా!"

"ఫొటోలో లేకపోతే ఊళ్ళో లేనట్టేనా?"

అమ్మాయి నా మొహం చూసింది. నాకు జవాబు తోచలేదు.

ఇంటికి వచ్చి ఆ ఫొటోను మళ్ళీ శ్రద్ధగా చూశాను. ఆకాశం తెల్లగా వెలిసిపోయి ఉన్నది. ఇళ్ళ చూరుకింద అంతా నల్లగా ఉన్నది. కొండలు మరీ చిన్నవిగా ఉన్నాయి. ఇదంతా కెమెరా చేసిన పని. మన కన్ను ఆకాశం వంక చూసినప్పుడు ఒకలాగా, నీడ వంక చూసినప్పుడు ఇంకొకలాగా సర్దుకుంటుంది. మామూలు కెమెరా ఒక్క క్షణంలో మొత్తానికీ కలిపి ఒక్క కొలతే తీసుకుంటుంది. అందుచేత వెలుగు ఎక్కువైనచోట తెల్లబోతుంది, తక్కువైనచోట నల్లబడుతుంది. ఎక్కువ వెడల్పును పట్టే కటకమైతే దూరపు కొండలు చిన్నవైపోతాయి. ఇక చట్రం అవతల ఉన్నదేదీ దానికి అక్కరలేదు. నేను ఆ అమ్మాయికి చూసి దించటం నేర్పాను గాని, ఆలోచించి వెయ్యటం నేర్పలేదన్నమాట!

అసలు కెమెరా సాయంతో బొమ్మలు వెయ్యటం ఈనాటి సంగతి కాదు. ఫొటో తీసే విద్య లోకానికి తెలిసింది 1839లో. అంతకు ముందే చిత్రకారులు 'కెమెరా అబ్‌స్క్యూరా' అనే చీకటిపెట్టెను వాడేవారు. పెట్టెకు చిన్న రంధ్రమో, కటకమో ఉంటుంది. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది గనక బయటి దృశ్యం లోపల తలకిందులుగా పడుతుంది. హంపీ విరూపాక్షాలయానికి వెళ్ళినవాళ్ళు గోడమీద గోపురం నీడ తలకిందులుగా పడటం చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే సూత్రం. థామస్ డేనియల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, అతని సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాకు వచ్చి, ఏళ్ళ తరబడి మన దేశమంతా తిరిగి, ఈ పెట్టె సాయంతో కోటలూ, గుళ్ళూ, కొండలూ గీసుకున్నారు. స్వదేశం చేరాక, 1795 మొదలు 1808 దాకా, వాటిని 144 అచ్చుచిత్రాలుగా వెలువరించారు. పెట్టె వాళ్ళకు గీత చూపింది. బొమ్మలో ఏది ఉండాలో, ఏది ఉండరాదో మాత్రం వాళ్ళే నిర్ణయించుకున్నారు.

మర్నాడు అమ్మాయీ నేనూ పలకా బలపం పట్టిన పిల్లల్లాగా అమ్మమ్మ ముందు కూర్చున్నాం. చెట్టు ఎటువైపు? రేవుకు ఎడమన. ఎంత మాను? ముగ్గురు చేతులు పట్టుకుంటేగాని చుట్టు రాదు. మీకు ఏ వేళ రేవు బాగా జ్ఞాపకం? పొద్దున్నే, నీళ్ళకు వెళ్ళేటప్పుడు. అప్పుడు ఆ చెట్టు నీడ ఎక్కడ పడేది? మెట్ల మీద. అప్పుడు కొండలు ఏ రంగులో ఉండేవి? "పొగలాగా, నీలంగా," అన్నది ఆవిడ.

అమ్మాయి అన్నీ రాసుకుని, "ఈ కరెంటు స్తంభం తీసెయ్యనా, అమ్మమ్మా?" అని అడిగింది. నేనైతే తీసెయ్యమనేవాణ్ణే. ఆవిడ మాత్రం, "ఉంచవే! కరెంటు వచ్చిన రోజున ఊరంతా పండగ చేసుకున్నాం," అన్నది. స్తంభం ఉన్నది. పెళ్ళివారి ప్లాస్టిక్ కుర్చీలు పోయాయి.

ఇక రెండో బొమ్మ ఎలా వేసిందో చెబుతాను, వినండి.

ముందు మూడంగుళాల చిన్న చిత్తుబొమ్మలు పెన్సిలుతో నాలుగైదు వేసింది. వాటిలో మూడే ఛాయలు: తెలుపు, బూడిద, నలుపు. చిత్తుబొమ్మలో బాగా లేనిది పెద్ద బొమ్మలోనూ బాగుండదు. ఫొటోలో నీటి అంచు సరిగ్గా మధ్యకు వచ్చి బొమ్మను రెండు ముక్కలు చేసింది. దాన్ని కిందికి దించి, పైన కొండలకూ చెట్టుకూ చోటిచ్చింది. నీడ కుడివైపున మెట్ల మీద పడాలంటే సూర్యుడు ఎడమన ఉండాలి. అప్పుడు ఇళ్ళ ఎడమ గోడలకు వెలుగు, కుడి గోడలకు నీడ. ఫొటోలోని నీడలు మిట్టమధ్యాహ్నపువి, పొట్టివి. అవి పనికిరావు. ఒక్క నీడ మారిస్తే అన్ని నీడలూ మార్చాలి! చెట్టు కోసం మరో ఫొటో వెతకనివ్వక, మా వీధి చివరి చింతచెట్టు దగ్గరికే పంపాను. రెండు సాయంకాలాలు దాని కింద కూర్చుని కొమ్మలు గీసుకు వచ్చింది.

నీటిరంగులు పారదర్శకమైనవి. వాటిలో వెలుగు కాగితం తెలుపు నుంచే వస్తుంది. తెలుపు కావలసినచోట రంగు వెయ్యకుండా వదిలెయ్యటమే ఉపాయం. ఒకసారి ముదురు రంగు పడితే మళ్ళీ పూర్తిగా తెల్లగా చెయ్యటం కష్టం. కనుక లేత నుంచి ముదురుకూ, దూరం నుంచి దగ్గరికీ రావాలి. పలచని కాగితం తడికి ఉబ్బుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాములుండే మందపు కాగితం మంచిది. అది దొరక్కపోతే కాగితాన్ని తడిపి, నాలుగంచులా బంక కాగితంతో పలకకు అంటించి ఆరనిస్తే డోలులాగా బిగుసుకుంటుంది.

అమ్మాయి పలకను కొంచెం వాలుగా పెట్టి, పెద్ద కుంచెతో ఆకాశాన్ని పైనుంచి కిందికి ఒకే పూతగా వేసింది. అది ఆరాక, దూరపు కొండను నీలిరంగులో ఒక చుక్క కలిపిన నీటితో వేసింది. దానికన్నా దగ్గరి కొండ కొంచెం ముదురు, మూడోది ఆకుపచ్చ. దూరపు కొండ నీలంగా ఎందుకుంటుంది? కొండకూ మనకూ మధ్య ఎంతో గాలి ఉన్నది. గాలిలోని అణువులు సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా ఉండటానికీ కారణం అదే. అమ్మమ్మ జ్ఞాపకం సైన్సు ప్రకారం కూడా నిజమేనన్నమాట! నీడలకు నలుపు వాడలేదు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియన్నా కలిపితే వచ్చే బూడిద రంగు వాడింది. అందులో చల్లదనం ఉంటుంది.

ఒక్కటే కష్టమయింది. ఓపిక! ఒక పూత ఆరకుండా రెండోది వేస్తే రెండూ కలిసి బురద అవుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే వేళ్ళ వెనక భాగం కాగితానికి మెల్లగా ఆనించాలి. చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక రంగు వెలిసినట్టవుతుంది గనక ముందే చిత్తుకాగితం మీద వేసి చూసుకోవాలి.

బొమ్మ మళ్ళీ అమ్మమ్మ దగ్గరకు వెళ్ళింది. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. మెట్ల మీద పడ్డ చెట్టునీడ మీద వేలుపెట్టి, "బిందె ఇక్కడ దించేదాన్ని," అన్నది. తరవాత ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఈ ఇంట్లో ఎవరుండేవారో మనమరాలికి పొద్దుపోయేదాకా చెబుతూనే ఉన్నది. నేను మెల్లగా లేచి వచ్చేశాను.

పిల్లలూ, ఇప్పుడు ఇంటింటా ఫోనులో కెమెరా ఉన్నది. ఈ సెలవుల్లో మీకు ఇష్టమైన చోటును ఫొటో తియ్యండి. తీసి వెంటనే వచ్చెయ్యక, అక్కడ పది నిమిషాలు నిలబడి ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: వేళ ఎంత? ఎండ ఎటునుంచి వస్తున్నది? అన్నిటికన్నా దూరాన ఉన్నది ఏ రంగులో కనిపిస్తున్నది? ఫొటోలో పట్టనిది ఏమున్నది? మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ చోటు తెలిసి ఉంటే వాళ్ళనూ అడగండి. ఆ తరవాతనే కుంచె పట్టండి.